వాన వైపు చూసే పంటల పండుగ: పర్ణశాలల పండుగ, యూదులు, క్రైస్తవులు

అందరికీ నమస్కారం. సంఘాల నుంచి వచ్చినవాళ్లకు వందనాలు.

నిర్వాహకులు నన్ను "యూదుల పండుగల గురించి గంటసేపు మాట్లాడండి" అన్నారు. గంటలో అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టుండదు. అందుకని ఒక్కటే తీసుకుంటాను. పర్ణశాలల పండుగ. హీబ్రూలో సుక్కోత్ అంటారు.

ఇదే ఎందుకంటే, పాత నిబంధన ప్రకారం ఇశ్రాయేలీయులు ఏడాదికి మూడుసార్లు దేవుని సన్నిధికి రావాలి. పస్కాకు, వారాల పండుగకు, పర్ణశాలల పండుగకు. మూడింటికీ పంటలతో ముడి ఉంది. పస్కా నాటికి యవలు కోతకొస్తాయి. మరో ఏడు వారాలకు గోధుమ. ఎండాకాలం గడిచాక ద్రాక్ష, అంజూరం, ఒలీవ. ఇప్పుడు క్రైస్తవుల పండుగల వరస చూడండి. పస్కా ఈస్టర్‌లో కలిసింది. వారాల పండుగ పెంతెకొస్తు అయింది, ఆ పేరు పెట్టుకున్న సంఘాలు మన ఊళ్లలో వీధికొకటి కనబడతాయి. మరి మూడోది? చాలా చర్చిలలో దాని ఊసే లేదు. అదేమన్నా చిన్న పండుగా అంటే, కాదు. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్ దీన్ని అన్నిటికన్నా పవిత్రమైన, పెద్ద పండుగగా చెప్పాడు. సొలొమోను మందిర ప్రతిష్ఠ చేసింది ఈ పండుగప్పుడే. పాత గ్రంథాల్లో ఏ విశేషణమూ లేకుండా 'పండుగ' అని ఉంటే చాలాసార్లు ఇదే. అంత పెద్ద పండుగ చర్చి గుమ్మం దాకా వచ్చి లోపలికి ఎందుకు రాలేదు?

దాని సంగతి తర్వాత. ముందు ఆ పండుగలో ఏం చేసేవాళ్లో చూద్దాం. నా అభిప్రాయం మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. దీన్ని పంట ఇచ్చినందుకు థాంక్స్ చెప్పే పండుగ అని సండే స్కూల్లో నేర్పుతారు. అది సగం నిజం. మిగతా సగం వాన గురించిన బెంగ. ఆ బెంగ అర్థమైతే తప్ప యూదుల ఆచారాలు గానీ, యోహాను సువార్త ఏడో అధ్యాయం గానీ నాకు తలకెక్కలేదు.

ఆ దేశపు వాతావరణం మనది కాదు. మనకు తొలకరి జూన్‌లో. అక్కడ మే నుంచి దాదాపు అక్టోబరు దాకా ఆకాశం నుంచి చుక్క రాలదు. వర్షాకాలమంతా చలికాలంలోనే. నైలు లాంటి నది లేదు, మన కృష్ణా గోదావరుల్లాంటివీ లేవు. అక్టోబరు, నవంబరు నాటికి తొలివాన పడకపోతే నేల దున్నలేరు, విత్తనం వేయలేరు, తొట్లు ఎండిపోతాయి. పర్ణశాలల పండుగ సరిగ్గా ఆ వాకిట్లో వస్తుంది. తిష్రీ నెల పదిహేనో రోజు, పౌర్ణమి. వాళ్లదీ అధికమాసాలతో సరిచేసుకునే చాంద్రమానమే కాబట్టి చాలా ఏళ్లు మన ఆశ్వయుజ పౌర్ణమికి దగ్గర్లో పడుతుంది. 2025లో అక్టోబరు 6 సాయంత్రం మొదలైంది.

అంటే రైతు పరిస్థితి ఏమిటి? ఈ ఏటి పంట ఇంటికొచ్చింది. గాదె నిండింది. వచ్చే ఏటి సంగతి మాత్రం మేఘాల చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడు ధర్మశాస్త్రం ఏమంటుంది? ఇల్లు వదిలి ఏడు రోజులు పాకలో ఉండమంటుంది.

ఆ పాక గురించి కొంచెం చెప్పాలి. లేవీయకాండం 23వ అధ్యాయం దీనికి ఇచ్చే కారణం అరణ్య ప్రయాణం. ఐగుప్తు నుంచి బయటికి తెచ్చినప్పుడు మిమ్మల్ని పర్ణశాలల్లో ఉంచాను, మీ తరతరాలకూ అది తెలియాలి అని. కానీ నిర్గమకాండం చదివితే వాళ్లున్నది గుడారాల్లో. పర్ణశాల అరణ్యంలో దొరికే సరుకు కూడా కాదు, కొమ్మలూ ఆకులూ ఎక్కడివి? అందుకని చాలామంది పండితులు ఈ పాక ముందు పొలానిదే అంటారు. ద్రాక్షతోటలో, దోసపాదుల్లో కాపలాకు వేసుకునే పాకను యెషయా మొదటి అధ్యాయంలోనే ప్రస్తావిస్తాడు. మన జొన్నచేలో మంచె వేసినట్టు. కోతల రోజుల్లో రైతు కుటుంబం అక్కడే పడుకునేది. తర్వాత ఆ పాకకే అరణ్యం జ్ఞాపకం తోడయింది. పాక మారలేదు, దాంట్లో కూర్చుని చెప్పుకునే కథ మారింది. రబ్బీలకూ, అంటే యూదుల మత గురువులకూ, దీని మీద తగాదా ఉంది. ఎలియేజరు, అకీబా అని ఇద్దరు పెద్దలు. దేవుడు అరణ్యంలో వాళ్లను కప్పింది మహిమ మేఘాలతోనని ఒకరంటే, కాదు, నిజంగానే పాకలని ఇంకొకరు. ఎవరు ఏది అన్నారన్నదాని మీద కూడా పాత గ్రంథాల్లో రెండు రకాలుగా ఉంది!

పాక కట్టడానికి నియమాలున్నాయి. గోడలు దేనితోనైనా కట్టుకోవచ్చు. పట్టింపంతా కప్పు మీదే. అది భూమిలో మొలిచిందై ఉండాలి, కోసిందై ఉండాలి. రేకు పనికిరాదు, ప్లాస్టిక్ పట్టా పనికిరాదు. బతికున్న చెట్టు కింద కట్టినా చెల్లదు. ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి, అయినా రాత్రిపూట సందుల్లోంచి నక్షత్రాలు కనబడాలని ఆచారం. రబ్బీల చర్చలను కూర్చిన తల్ముదు అనే గ్రంథం ఇంకో మాట అంటుంది. కళ్లంలో నూర్పిడి అయ్యాక, ద్రాక్ష తొక్కాక మిగిలిన చెత్తతో ఆ కప్పు వేయమని. గింజలు గాదెలోకి వెళ్తాయి. గడ్డి నెత్తి మీదికి వస్తుంది. యెరూషలేములో ధర్మనిష్ఠ గలవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో అపార్ట్‌మెంట్ల బాల్కనీలు ఒకదాని కింద ఒకటి రాకుండా పక్కకు జరిపి కడతారు. పై అంతస్తు బాల్కనీ అడ్డొస్తే కింది ఇంటివాళ్ల పర్ణశాల చెల్లదు మరి.

ఈ వారంలో వచ్చే విశ్రాంతి దినాన చాలా సమాజమందిరాల్లో చదివే పుస్తకం ఏదో తెలుసా? ప్రసంగి. గాదె నిండి ఉంది, ద్రాక్షారసం పోసుకుని ఉన్నారు, చదివేదేమో సమస్తమూ వ్యర్థం అని. ఆ పుస్తకాన్ని ఈ వారానికి ఎంచినవాళ్లకు మనిషి స్వభావం బాగా తెలుసు.

ఇక నాలుగు మొక్కలు. మన తెలుగు బైబిల్లో దబ్బపండు, ఈతమట్ట, గొంజి కొమ్మ, నిరవంజి కొమ్మ అని చదువుకుంటాం. నాలుగూ కలిపి చేత్తో పట్టుకుని నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ ఊపుతారు. యెరూషలేములో పండుగ ముందు దబ్బపండ్ల బజారు పెడతారు. అక్కడ గడ్డాలాయన ఒకడు భూతద్దం పెట్టి ఒక్కో పండునూ తిప్పి చూస్తుంటాడు, చిన్న మచ్చ కనబడితే పక్కన పెట్టేస్తాడు. ఇంతా చేసి ఈ నాలుగే ఎందుకు? రకరకాల భాష్యాలున్నాయి. హృదయం, వెన్నెముక, కన్ను, పెదవి అని ఒకటి. నాలుగు రకాల మనుషులు అని ఒకటి. నాకు నచ్చింది తల్ముదులో రబ్బీ ఎలియేజరు చెప్పిన సాదా కారణం. ఈ నాలుగూ నీళ్లు లేకపోతే బతకవు, అందుకే నీళ్ల కోసం మొరపెట్టడానికి వీటిని తెస్తాం.

ఇప్పుడు రెండో మందిరం రోజులకు, అంటే క్రీ.శ. 70 దాకా యెరూషలేములో నిలిచిన మందిరం రోజులకు వెళ్దాం. ఇదంతా మిష్నా అనే గ్రంథంలో, సుక్కా భాగంలో ఉంది. మిష్నాను సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చారు. ఏడు రోజులూ ఉదయాన్నే ఒక యాజకుడు బంగారు కూజా తీసుకుని సిలోయము కోనేటికి దిగేవాడు. మూడు లోగుల నీళ్లు పట్టేది, మన లెక్కలో లీటరుకు అటూ ఇటూ. ఆ నీళ్లు గీహోను ఊటవి, కొండను తొలిచిన సొరంగం గుండా వచ్చేవి. కూజాతో జలద్వారం దగ్గరికి వచ్చేసరికి బూరలు ఊదేవాళ్లు. బలిపీఠం మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో ద్రాక్షారసం, ఒకదాంట్లో ఈ నీళ్లు. ఏడాది పొడవునా బలిపీఠం మీద ద్రాక్షారసం పోస్తారు, నీళ్లు పోసేది ఈ ఒక్క వారమే. పోసే యాజకుణ్ని జనం "చెయ్యి పైకెత్తు! పైకెత్తు!" అని అరిచేవాళ్లట. ఎందుకంటే ఒకసారి ఒక యాజకుడు ఆ నీళ్లను గిన్నెలో పోయకుండా తన కాళ్ల మీద పోసుకున్నాడు. ధర్మశాస్త్రంలో ఈ నీళ్ల సంగతి రాసి లేదుగా, అది అతని వాదన. జనం చేతుల్లో ఏముంది? దబ్బపండ్లు. వాటితోనే కొట్టారు. జోసెఫస్ కూడా ఇలాంటిదే ఒకటి చెప్తాడు. రాజూ ప్రధాన యాజకుడూ తానే అయిన అలెగ్జాండర్ జన్నయును ఇదే పండుగలో దబ్బపండ్లతో కొట్టారనీ, అతను సైన్యాన్ని వదిలి ఆరువేలమందిని చంపించాడనీ. రెండూ ఒకే సంఘటనా కాదా అన్నది తేలలేదు. ఒక లీటరు నీళ్ల దగ్గర జనం అంత పట్టుదలగా ఉన్నారంటే ఆ నీళ్లలో వాళ్లకు వచ్చే ఏటి తిండి కనబడింది.

రాత్రిళ్లు సంబరం. స్త్రీల ఆవరణలో ఎత్తయిన దీపస్తంభాలు, నిచ్చెనలేసుకుని కుర్ర యాజకులు నూనె పోసేవాళ్లు. వత్తులు దేనితో చేసేవాళ్లనుకున్నారు? యాజకుల పాత పంట్లాలు, నడికట్లు చింపి! ఆ వెలుతురు పడని ప్రాంగణం యెరూషలేములో లేదంటారు. పెద్దపెద్ద పండితులు దివిటీలు పట్టుకుని జనం ముందు గంతులేసేవాళ్లు. రబ్బాన్ షిమోన్ బెన్ గమలీయేలు ఎనిమిది దివిటీలు ఒకదానికొకటి తగలకుండా ఎగరేసి పట్టేవాడని చెప్పుకుంటారు. లేవీయులు పదిహేను మెట్ల మీద సితారాలతో నిలబడేవాళ్లు. ఆ నీళ్ల సంబరం చూడనివాడు జన్మలో సంబరమే చూడలేదని మిష్నా తీర్పు.

ఒక తమాషా చెప్పనా. ఇంతగా వాన కావాలన్న పండుగలో, ఆ ఏడు రోజుల్లో వాన పడితే మాత్రం అపశకునం. యజమానికి గిన్నెలో ద్రాక్షారసం కలిపి ఇద్దామని నౌకరు వస్తే, యజమాని కూజాలోని నీళ్లు వాడి మొహాన కొట్టినట్టని మిష్నా. అందుకే వాన ప్రార్థన పండుగ ఆఖర్న, ఏడు రోజులకు తోడుగా వచ్చే ఎనిమిదో రోజున మొదలుపెడతారు. అదీ వానల గొప్పదనాన్ని స్తుతించడమే, 'ఇప్పుడు ఇవ్వు' అని అడగడం కాదు. ఇశ్రాయేలు దేశంలో నిజంగా అడగడం తర్వాతి నెల ఏడో తారీకు నుంచి. ఎందుకా ఆలస్యం? దూరం నుంచి వచ్చిన యాత్రికుల్లో చిట్టచివరివాడు తడవకుండా యూఫ్రటీసు నది చేరుకోవాలని. మందిరం పోయి పంతొమ్మిది వందల ఏళ్లు దాటింది, ఆ యాత్రికుడూ లేడు. అయినా ఆ రెండు వారాలు ఇప్పటికీ ఆగుతారు. యూదుల ప్రార్థన పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

క్రీ.శ. 70లో రోమన్లు మందిరాన్ని తగలబెట్టారు. నీళ్లు పోయడానికి బలిపీఠం లేదు. అప్పుడు యోహానాన్ బెన్ జక్కయి అనే రబ్బీ ఒక ఏర్పాటు చేశాడు. అంతవరకు ఏడు రోజులూ మట్టలు పట్టుకునే ఆచారం మందిరంలోనే ఉండేది, బయట ఒక్కరోజే. ఇకనుంచి మందిరం జ్ఞాపకార్థం అందరూ అన్నిచోట్లా ఏడు రోజులూ పట్టుకోవాలన్నాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు రోము మీద తిరగబడిన బర్ కోఖ్బా ఉత్తరం ఒకటి మృత సముద్రం పక్కన గుహలో దొరికింది. 1960-61లో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ తవ్వకాల్లో. అరమేయికులో రాసిన చిన్న చీటీ. రెండు గాడిదలను పంపుతున్నాను, మనుషుల్నిచ్చి వాటి మీద ఈతమట్టలు, దబ్బపండ్లు వేయించు, నీ దగ్గర నుంచి గొంజి, నిరవంజి తెప్పించు, శిబిరానికి పంపు అని. అది మహా సామ్రాజ్యంతో యుద్ధం జరుగుతున్న రోజులు. సేనాపతి ఉత్తరంలో కత్తుల ఊసు లేదు, దబ్బపండ్ల లెక్క ఉంది. వాళ్ల నాణేల మీద కూడా ఈ మట్ట, ఈ పండే.

ఇక క్రైస్తవుల వైపు వద్దాం. యోహాను ఏడో అధ్యాయం తెరిస్తే యూదుల పర్ణశాలల పండుగ దగ్గరపడిందని ఉంటుంది. యేసు మొదట రానని, తర్వాత రహస్యంగా వెళ్లి, పండుగ మధ్యలో బోధిస్తాడు. ఆఖరి మహాదినాన నిలబడి గట్టిగా అంటాడు, దాహమున్నవాడు నా దగ్గరికి వచ్చి తాగాలని. వారం రోజులుగా ఆ ఊళ్లో పొద్దున్నే జరుగుతున్నదేమిటి? నీళ్ల ఊరేగింపు. జనమంతా ఆకాశం వైపు చూస్తున్న వారం అది. ఆ ఆఖరి రోజు ఏడోదా ఎనిమిదోదా అని వ్యాఖ్యాతలు వాదించుకుంటారు. ఏడోదైతే నీళ్లు పోస్తుండగా ఆ కేక వినబడింది. ఎనిమిదోదైతే, మిష్నాలో ఎక్కువమంది లెక్క ప్రకారం, నీళ్లు పోయడం ఆగిపోయిన ఉదయాన. నాకైతే రెండోదే ఎక్కువ పదునుగా అనిపిస్తుంది, రుజువు చూపలేను గానీ.

ఎనిమిదో అధ్యాయం 12వ వచనంలో లోకానికి వెలుగును నేనే అన్న మాట వస్తుంది. మధ్యలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ ఉంది కదా, అది అతి ప్రాచీన ప్రతుల్లో లేదు. దాన్ని పక్కన పెట్టి చదివితే ఈ మాట కూడా అదే పండుగలో, ఆ దీపస్తంభాల ఊళ్లోనే పడుతుంది. తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని ఎక్కడ కడుక్కోమన్నాడు? సిలోయములో. మళ్లీ అవే నీళ్లు, అదే వెలుగు. ఆ కోనేటి మెట్లు 2004లో మురుగు పైపు బాగుచేస్తుంటే బయటపడ్డాయి. రాసినవాడికి ఈ పండుగ కొట్టినపిండి. చదివే మనకు పండుగ తెలియదు కాబట్టి దాహం మాట గోడ మీది వచనంలా మిగిలింది.

ఇంకా అక్కడక్కడా ముక్కలున్నాయి. రూపాంతర కొండ మీద పేతురు మూడు పర్ణశాలలు కడతానన్నాడు. ప్రకటన ఏడో అధ్యాయంలో అన్ని జనాల వాళ్లూ మట్టలు పట్టుకుని నిలబడి ఉంటే, వాళ్లకిక దాహం ఉండదంటారు. మనం మట్టల ఆదివారం నాడు హోసన్నా అంటాం. ఆ కేక 118వ కీర్తనది. పర్ణశాలల పండుగలో బలిపీఠం చుట్టూ తిరుగుతూ అనేదీ అదే. హోసన్నా కేకల మధ్య యేసు యెరూషలేము ప్రవేశం జరిగింది పస్కా ముందు, నిజమే. ఈతమట్టలు విజయానికి గుర్తుగా మక్కబీయుల కాలం నుంచీ, అంటే క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నుంచీ ఉన్నాయి, అదీ నిజమే. కాబట్టి ఇది సుక్కోతే అని బల్లగుద్ది చెప్పను.

మరి చర్చి ఈ పండుగను ఎందుకు వదిలేసింది? మిగతా రెండింటికీ సువార్తలో ఒక సంఘటన దొరికింది. పస్కాకు సిలువ, పునరుత్థానం. పెంతెకొస్తుకు ఆత్మ దిగిరావడం. దీనికి అలాంటి సంఘటన లేదు. యేసు పుట్టింది పర్ణశాలల పండుగలోనే అని యూట్యూబులో గంటల తరబడి నిరూపిస్తున్నారు, దానికి ఆధారం లేదు. ఇంకో కారణం కాస్త చేదు. చాలామంది క్రైస్తవులు వదల్లేదు, వాళ్లచేత వదిలించారు. 386లో అంతియొకయలో యోహాను క్రిసోస్తం అనే పాదిరి యూదుల పండుగలకు వెళ్తున్న తన సంఘస్తుల మీద వరసగా ప్రసంగాలు చేశాడు. బూరల పండుగ, పర్ణశాలలు, ఉపవాసాలు వస్తున్నాయి, మీలో కొందరు వెళ్తారు అని. జనం వెళ్లకపోతే ఆ ప్రసంగాల అవసరమేముంది? ఆ ప్రసంగాల్లో యూదుల గురించి ఆయన వాడిన భాష తర్వాతి శతాబ్దాల్లో చాలా హాని చేసింది. దాన్ని కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు. మరోవైపు మెథోడియస్ లాంటి తొలినాటి క్రైస్తవ రచయితలు ఈ పండుగను మొత్తంగా భవిష్యత్తులోకి జరిపారు. పర్ణశాల అంటే పునరుత్థాన దేహం, అసలు పండుగ రాబోయే లోకంలో అన్నారు. అందంగానే ఉంటుంది. కాకపోతే గడ్డీ, వానా, దబ్బపండూ అందులోంచి వెళ్లిపోయాయి.

భవిష్యత్తు అనేది యూదుల వైపూ ఉంది. పండుగ మొదటిరోజు వాళ్లు చదివేది జెకర్యా 14. అన్ని జనాలూ ఏటా యెరూషలేముకు ఈ పండుగ ఆచరించడానికి వస్తాయి, రానివాళ్లకు వాన కురవదు అని. చూశారా, మళ్లీ వానే. సంఖ్యాకాండం 29లో ఈ వారం అర్పించే కోడెలు లెక్కేయండి. మొదటిరోజు పదమూడు, రోజుకొకటి తగ్గుతూ ఏడోరోజు ఏడు. మొత్తం 70. లోకంలోని డెబ్బై జనాల కోసం అని తల్ముదు. మందిరాన్ని కూల్చిన జనాలకు తాము ఏం పోగొట్టుకున్నారో తెలియదు పాపం, ఆ బలిపీఠం వాళ్ల కోసం కూడా ఉండేది కదా అని తర్వాతి కాలపు రబ్బీ, ఇంకో యోహానాన్ అంటాడు. కూల్చినవాళ్ల మీద జాలి!

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తాం కదండీ. అది దీన్నుంచి వచ్చిందేనా?

కాదమ్మా. గుమ్మడికాయలు, బియ్యం బస్తాలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టి, ఆరాధనయ్యాక వేలం పాడతారే, అదేగా? ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలో మోర్వెన్‌స్టో అనే ఊరి పాదిరి హాకర్ 1843లో మొదలుపెట్టిన ఆరాధన ఇప్పటి కోత పండుగకు మూలం. మిషనరీలతో మనదాకా వచ్చింది. దాంట్లో కృతజ్ఞత నిండుగా ఉంది. వచ్చే ఏటి వాన గురించిన దిగులు లేదు. ఇంగ్లండులో వానకు కొదవేముంది! (నవ్వులు) మన అనంతపురంలో ఎవరైనా కొత్తగా మొదలుపెట్టి ఉంటే ఆ పండుగ వేరేలా ఉండేది. గుంటూరు ప్రాంతంలో హోసన్నా మందిరం వారు జరిపే గుడారాల పండుగ ఇంకో రకం. పేరు ఈ పండుగను గుర్తుచేస్తుంది గానీ, అది మార్చి ప్రాంతంలో జరిగే పెద్ద ఆత్మీయ కూటం. మన దగ్గర అసలు తిష్రీ నెల లెక్కను పట్టించుకునేది, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయీములని చెప్పుకునే కొద్ది తెలుగు యూదు కుటుంబాలు.

ప్రశ్న: అయితే క్రైస్తవులు కూడా పర్ణశాల కట్టుకుని ఈ పండుగ చేసుకోవచ్చంటారా?

కొందరు చేస్తున్నారండి. 1980 నుంచి యెరూషలేములో ఒక అంతర్జాతీయ క్రైస్తవ సంస్థ ఏటా పెద్దఎత్తున జరుపుతోంది. జెకర్యా వచనమే వాళ్ల ఆధారం. యూదుల్లో కొందరు సంతోషంగా స్వాగతిస్తారు, కొందరికి మతమార్పిడి అనుమానం. క్రిసోస్తం చరిత్ర తెలిస్తే ఆ అనుమానాన్ని తప్పు పట్టలేం. నా సలహా అడిగితే, సొంతంగా కట్టి దాని మీద మన అర్థం రాసుకునేకంటే ఎవరైనా యూదు కుటుంబం పిలిస్తే వెళ్లండి. అతిథిని పిలవడం వాళ్లకు ఆచారమే. అబ్రాహాము, ఇస్సాకు మొదలైన ఏడుగురు పూర్వీకుల్ని రోజుకొకర్ని లోపలికి పిలిచి, పక్కన నిజమైన అతిథికి కుర్చీ వేస్తారు. వాన మొదలైతే మొహమాటపడకుండా లేవండి. ఎప్పుడు లేవచ్చో మిష్నాయే చెప్పింది, గిన్నెలో జావ పాడయ్యేంత వాన పడినప్పుడు.